వాళ్లు భయపడి చనిపోలేదు

"కరోనా కంటే భయమే ఎక్కువమందిని చంపింది" అనే వాట్సాప్ మెసేజ్ ఎక్కడైనా నాలుగు కేసులు వచ్చాయని వార్త రాగానే మళ్లీ లేస్తుంది. అందులో ఉండేవి ఇవీ: కరోనా మామూలు జలుబే, నూటికి 99 మందికి ఏమీ కాలేదు. ధైర్యంగా ఉన్నవాళ్లు బతికారు, టీవీ చూసి హడలిపోయినవాళ్లు పోయారు. ఆవిరి పట్టి మిరియాల కషాయం తాగినవాళ్లు ఇంట్లోనే కోలుకున్నారు, ఆస్పత్రికి వెళ్లినవాళ్లు శవాలై వచ్చారు. డాక్టర్లకే ఏమీ తెలియదు, రోజుకో మాట చెప్పారు. పైకి ధైర్యం చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు చదివితే వాళ్లకి వినిపించేది ఒక్కటే, మీ ఆయన పిరికివాడు కాబట్టి పోయాడని. నాకు కోపం వచ్చేది అక్కడే, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

ముందు ఆ భయం సంగతి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 ఆగస్టు 5న స్వయంగా వీడియో పెట్టి, కొద్దిగా జలుబు, జ్వరం ఉన్నాయి, స్వల్ప లక్షణాలే, ఎవరూ కంగారు పడొద్దు అని మనకే ధైర్యం చెప్పారు. సెప్టెంబర్ 25న ఆయన లేరు. ఆ వీడియో చూసినవాళ్లెవరైనా ఆయన భయంతో పోయారని అనగలరా? రెండో వేవ్‌లో ఏడు వందలకు పైగా డాక్టర్లు చనిపోయారని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ లెక్క చెప్పింది, రోజూ కోవిడ్ వార్డులో తిరిగిన ఆ మనుషులంతా టీవీ చూసి హడలిపోయారా? తిరుపతి రుయా ఆస్పత్రిలో 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారు. వాళ్లకి కావలసింది ధైర్యం కాదు, టైమ్‌కి రావలసిన ట్యాంకర్.

అసలు ఈ జబ్బులో చాలామంది ప్రాణం తీసింది భయం లేకపోవడమే. మనకి ఊపిరాడట్లేదు అనిపించేది ఎక్కువగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. కరోనాలో ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలైనా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉండేది, ఆక్సిజన్ మాత్రం పడిపోయేది, దాంతో శరీరం గట్టిగా హెచ్చరించేది కాదు. మనిషి కూర్చుని మాట్లాడుతూ, ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు, వేలికి ఆక్సిమీటర్ పెడితే 94కి తగ్గకూడని ఆక్సిజన్ 80 చూపించేది. డాక్టర్లు దీనికి హ్యాపీ హైపాక్సియా అని పేరు కూడా పెట్టారు. మా బంధువుల్లో ఒకాయన అలాగే నాకేం కాలేదర్రా, మీరే టెన్షన్ పడుతున్నారు అంటూ ఆటోలో కూర్చున్నాడు, తిరిగి రాలేదు. ఆయన పెద్దకర్మ రోజున ఎవరో వాళ్లావిడ పక్కనే కూర్చుని, మనిషి గుండెనిబ్బరం తెచ్చుకుని ఉంటే బతికేవాడమ్మా అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు.

భయం వల్ల నష్టం జరగలేదని నేను అనను, జరిగింది. పలాసలో 2020 జూన్‌లో రోడ్డు పక్కన చనిపోయిన మనిషిని జేసీబీ బకెట్‌లో వేసి తీసుకెళ్లారు, ఇళ్ల యజమానులు నర్సుల్ని ఖాళీ చేయమన్నారు, రాకపోకలు ఆపేసి వీధికి కర్రలు కడతారని జ్వరం దాచుకుని టెస్టుకి వెళ్లనివాళ్లు ఎంతమందో. కానీ అది చుట్టూ ఉన్నవాళ్ల భయం. దాని పాపం రోగి మీద వేయకండి.

ఇక 99 మందికి ఏమీ కాలేదన్న మాట. నూటికి ఒకరు అంటే చిన్న సంఖ్యలాగే కనపడుతుంది, కానీ 2021 జూన్, జూలైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా చేసిన సర్వేలో ఆరేళ్లు దాటినవాళ్లలో 67.6 శాతం మందికి రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ మీద శరీరం తయారుచేసుకున్న రక్షణ కనిపించాయి. కొంత టీకా వల్లేగానీ ఎక్కువమందికి జబ్బు సోకినందువల్లే. దాదాపు 140 కోట్ల దేశంలో అంతమందికి తగిలే జబ్బులో నూటికి ఒకరు కాదు, వెయ్యికి ఒకరు పోయినా లక్షల ఇళ్లు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు 5 లక్షల 30 వేలు దాటారు. 2020, 2021 రెండేళ్లలో కలిపి అదనపు మరణాలు, అంటే మామూలుగా జరిగేవాటికి మించిన చావులు, సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది, మన ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. సరే, చిన్న లెక్కే తీసుకుందాం. మామూలు జలుబుకి శ్మశానాల ముందు అంబులెన్సులు క్యూ కడతాయా?

ఆవిరి, కషాయం గురించి నాకేం పేచీ లేదు. మిరియాల కషాయం నేనూ తాగాను, గొంతుకి హాయిగా ఉంటుంది. కానీ సోకినవాళ్లలో దాదాపు 80 శాతం మందికి జబ్బు తేలికగానే పోయింది, కషాయం తాగినా తాగకపోయినా. ఆవిరి ముక్కులో దిబ్బడ తగ్గిస్తుందేమో గానీ కణాల్లోకి దూరిన వైరస్‌ని ఏమీ చేయదు. మరుగుతున్న గిన్నె మీద పడి ఒళ్లు కాలిన పిల్లల సంగతి వేరే. అసలు నష్టం ఆవిరి వల్ల కాదు, రోజుల తరబడి దాన్నే నమ్ముకుని ఆక్సిజన్ చూసుకోకపోవడం వల్ల.

ఆస్పత్రికి వెళ్లినవాళ్లే పోయారు అనేవాళ్లు అక్కడికి ఎవరు వెళ్లారో ఆలోచించట్లేదు. బాగున్నవాళ్లకి బెడ్డే దొరకని రోజులవి. అప్పటికే పరిస్థితి చేయి దాటుతున్నవాళ్లని తీసుకెళ్లారు, వాళ్లలో చాలామంది పోవడం ఘోరమే కానీ దానికి కారణం ఆస్పత్రి గుమ్మం తొక్కడం కాదు. బ్రిటన్‌లో రోగుల మీద మందులు పరీక్షించి చూసిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో ఒక సంగతి తేల్చింది: డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ మందు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ ప్రయోజనమూ కనపడలేదు. మనవాళ్లు అదే స్టెరాయిడ్‌ని వాట్సాప్ చీటీ చూసి మొదటి రోజు నుంచే మింగారు, షుగర్ ఉన్నవాళ్లకి అది ఇంకా పెరిగింది, 2021 మేలో బ్లాక్ ఫంగస్ అంతలా రావడానికి అదీ ఒక పెద్ద కారణం. ఆస్పత్రుల బిల్లుల మీద మీ కోపం మాత్రం న్యాయమైనదే. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రోజుకి మామూలు వార్డుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో 9,000 అని రేట్లు పెట్టినా లక్షలకి లక్షలు కట్టి ఇల్లు అమ్ముకున్నవాళ్లున్నారు. దోపిడీ అనండి, నేనూ అంటాను. చంపారని అనకండి.

డాక్టర్లు మాట మార్చారు, నిజమే. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ అన్నారు, ట్రయల్స్‌లో పనిచేయలేదని తేలాక ఆపారు. కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసిన ప్లాస్మా ఎక్కించాలన్నారు, 2021 మే 17న ఆ మాటే మన కోవిడ్ గైడ్‌లైన్స్‌లోంచి తీసేశారు. అందరూ మాస్కు పెట్టుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి 2020 జూన్ దాకా పట్టింది. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ వద్దని ఆ సంస్థ 2020 నవంబర్‌లోనే అన్నా, మరుసటి ఏప్రిల్‌లో మన దగ్గర డాక్టర్లు రాస్తూనే ఉన్నారు, జనం బ్లాక్‌లో కొంటూనే ఉన్నారు, అది క్షమించలేని తప్పే. అయినా కొత్త జబ్బులో ఒక మందు పనిచేయదని తేలాక కూడా అదే ఇస్తూ పోవాలా? ఈ మెసేజ్‌లో మాత్రం 2020 నుంచి ఒక్క అక్షరం మారలేదు, ఇన్ని చావుల తర్వాత కూడా.

పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో చనిపోతే, ఇంట్లో పోయినా సరే, కరోనా మరణంగానే లెక్కించి 50,000 రూపాయలు ఇవ్వాలని 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదంతో నిబంధన వచ్చింది. మరణ ధ్రువపత్రంలో కరోనా అన్న మాట లేక ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టే అది అవసరమైంది. వాళ్లూ మీ గ్రూపుల్లోనే ఉన్నారు. ఎవరికైనా ధైర్యం చెప్పాలనిపిస్తే ఫోన్ చేసి ఆక్సిమీటర్ ఎంత చూపిస్తోందని అడగండి, 94 కంటే తగ్గితే ఆ పూటే ఆస్పత్రికి బయల్దేరదీయండి. ఈ మెసేజ్ మాత్రం పంపకండి.