టకటకమన్నంత మాత్రాన ఇంజిన్ దించాలా?

విశాఖలో పాత కార్లున్నవాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. నాకు పంపింది మా బాబాయే. సారాంశం ఇది: “పాత కారు ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమంటే బేరింగులు పోయినట్టే. ఇథనాల్ కలిపిన పెట్రోలే దానికి కారణం. చిక్కటి ఆయిల్ పోయించి, పై గేరులో మెల్లగా నడపండి. లేదంటే ఇంజిన్ దించాల్సిందే.” ఇందులో ఒకటి అర్ధసత్యం, మిగిలినవి తప్పు.

“బేరింగులు పోయినట్టే”నట. పిస్టన్‌ను కింది షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగితే వచ్చేది బరువైన మోత, సుత్తితో దిమ్మ మీద కొట్టినట్టు. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు అది బాగా తెలుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగులో ఆయిల్ దీపం మిణుకుమనడం దానికి తోడు. ఎత్తు మీద మాత్రమే వచ్చేది వేరు. అది డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు పలుచగా గలగలమంటుంది. ప్లగ్గు మంట అందేలోపే, సిలిండర్‌లో ఓ మూల మిగిలిన పెట్రోలు ఆవిరి తనంతట తాను భగ్గుమంటే వచ్చే శబ్దమది. ఇక చల్లటి ఇంజిన్‌లో వినిపించి, వేడెక్కగానే తగ్గిపోయేది తరచుగా పిస్టన్ ఊగే చప్పుడు.

“పై గేరులో మెల్లగా” అన్న సలహా నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. మొన్న సింహాచలం ఘాట్ రోడ్డులో బాబాయి 1996 నాటి మారుతి 800 ఎక్కాం. మూడో గేరు, స్పీడు ముల్లు పాతిక దగ్గర, కాలు పూర్తిగా యాక్సిలరేటర్ మీద. మలుపు తిరగగానే గలగల మొదలైంది. “పోయిందిరా ఇంజిన్” అన్నారు బాబాయి. “రెండో గేరు వెయ్యండి బాబాయ్” అన్నాను. వేశారు. శబ్దం ఆ క్షణమే ఆగిపోయింది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగుతుంటే, ఆ ఆవిరికి ఒత్తిడిలో ఉడికే సమయం ఎక్కువ దొరుకుతుంది. గేరు తగ్గిస్తే ఆ సమయమే ఉండదు. కొండ దిగాక చూస్తే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులై టైమింగు, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, ముందుకు జరిగి ఉంది. సరిచేయడానికి అరగంట పట్టింది.

ఇథనాల్ సంగతి. పెట్రోలు తనంతట తాను భగ్గుమనకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. మన దేశంలో మామూలు పెట్రోలుకు అది కనీసం 91 ఉండాలన్నది మొన్నమొన్నటి వరకు ఉన్న నిబంధన. ఇథనాల్‌ది దాదాపు 108. అంటే అది ఈ గలగలను అడ్డుకునే సరుకే కానీ తెచ్చిపెట్టేది కాదు. అర్ధసత్యం ఎక్కడుందంటే, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, పెట్రోలును గాలితో కలిపే పాత కార్బురేటర్ దానికి తగ్గట్టు సర్దుకోలేదు. మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కవచ్చు. పాత రబ్బరు గొట్టాలు కూడా పాడవుతాయి. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాన్నీ (జెట్టు), గొట్టాలనూ చూపించుకోండి, బేరింగులను కాదు.

చిక్కటి ఆయిల్ గురించి రెండు ముక్కలు చాలు. అరిగిన బేరింగు మోతను అది కొన్నాళ్లు కప్పిపెడుతుంది. పిస్టన్ పైన పేలే పేలుడును ఆయిల్ ఆపలేదు. అరిగిన పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్ పైకి చేరితే మసి పెరిగి శబ్దం ఇంకా ఎక్కువవుతుంది.

సందేశంలో లేనిదొకటి చెప్పాలి. మాన్యువల్ గేరు బండిలో క్లచ్చి మంచి పరీక్ష. బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగానే న్యూట్రల్‌లో ఉంచి క్లచ్చి తొక్కండి. తొక్కగానే గరగర మొదలైతే క్లచ్చి రిలీజ్ బేరింగు. అప్పటిదాకా ఉన్న శబ్దం తొక్కగానే మాయమైతే, గేరుబాక్సులో ఇంజిన్ వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానించాలి. రెండింటిలోనూ ఇంజిన్‌కు సంబంధం లేదు. క్లచ్చి తొక్కినా మారని బరువైన మోత అయితేనే మెకానిక్‌తో ఒక్కో సిలిండర్ ప్లగ్గు తీగ తీయించి, దాన్ని బాడీకి ఆనించి వినండి. ఏ సిలిండర్ ఆపితే మోత తగ్గుతుందో తప్పు అక్కడ ఉంది. అప్పుడు ఇంజిన్ దించే మాట మాట్లాడుకోవచ్చు.

బాబాయి మాత్రం ఆ సందేశాన్ని నిన్న మళ్లీ ఇంకో గ్రూపులో పెట్టారు.