హన్నా కారణాలను తూకం వేస్తున్న పెద్దలకు

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘థర్టీన్ రీజన్స్ వై’ చూసి “ఇంత మాత్రానికే ప్రాణం తీసుకుంటారా?” అని రాస్తున్న పెద్దలను ఉద్దేశించి, కోపంతోనే ఈ పోస్ట్ రాస్తున్నాను. మీరు ఆ మాట అన్నది అమెరికాలోని ఒక కల్పిత ఊరిలో ఉండే హన్నా బేకర్ అనే కల్పిత పాత్ర గురించి. దాన్ని విన్నది మాత్రం మీ పక్క గదిలో కూర్చున్న మీ బిడ్డ. తన కష్టం మీకు చెప్పుకోవచ్చో లేదో ఆ ఒక్క మాటతో తేల్చుకుంది.

నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతాను. దేవరకొండ, చందంపేట, మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పిల్లలు మా తరగతిలో చాలామంది. కొందరి తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కూలిపనుల్లో ఉంటారు, పిల్లలు హాస్టల్లోనో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. ఈ పిల్లలకు నెట్‌ఫ్లిక్స్ ఎక్కడిదని అడగకండి. ఒక ఫోనులో కథ మొదలైతే గది గదికీ చేరుతుంది. ముక్కలు ముక్కలుగా, రీల్స్‌లో, ఏడుపు సంగీతం కలిపిన చిన్న వీడియోల్లో హన్నా బేకర్ వాళ్ళకు బాగా తెలుసు. పెద్దలకు తెలియనిదల్లా పిల్లలకు అది తెలుసన్న సంగతే.

చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జే యాషర్ 2007లో రాసిన నవల ఆధారంగా తీసిన ఈ సిరీస్ 2017 మార్చి 31న విడుదలైంది. హన్నా అనే హైస్కూల్ విద్యార్థిని చనిపోయాక, ఆమె గొంతు రికార్డయిన ఏడు క్యాసెట్లు క్లే జెన్సెన్ అనే సహవిద్యార్థి చేతికి వస్తాయి. ఒక్కో వైపు ఒక్కో కారణం, దాని వెనక ఒక మనిషి. మొదటి సీజన్ చివరి భాగంలో ఆమె మరణాన్ని దాదాపు మూడు నిమిషాల పాటు కళ్ళకు కట్టినట్టు చూపించారు. అలాంటి ఆలోచనలతో ఇప్పటికే సతమతమవుతున్న పిల్లలు దీన్ని చూడకపోవడమే మంచిదని అమెరికాలోని స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం అప్పుడే హెచ్చరించింది. 18 ఏళ్ళలోపు వాళ్ళు తల్లిదండ్రులతోనో సంరక్షకులతోనో కలిసే చూడాలని న్యూజిలాండ్ సెన్సార్ వాళ్ళు ఈ సిరీస్ కోసమే కొత్త వర్గీకరణ తెచ్చారు. ఆ దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ తీసేసింది 2019 జూలైలో, రెండేళ్ళు దాటాక. అందులో ఏముందో నేను రాయను. దయచేసి కింద కామెంట్లలో కూడా ఎవరూ రాయవద్దు.

ఇక మనవాళ్ళ స్పందనలకు వద్దాం. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన రాశారు: “తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు, సొంత గది ఉంది, ఏం తక్కువైంది?” ఇంకొకరు: “ఒకడు ఫోటో పంపాడు, ఒకడు జాబితాలో పేరు రాశాడు, దానికి చావాలా? మేము ఎన్ని పడలేదు?” మరొకరు: “పాలమూరు వలస కూలీల పిల్లలకు లేని బాధ వీళ్ళకేమిటి?” ఈ చివరి మాట నన్ను ఎక్కువగా బాధించింది. వలస వెళ్ళినవాళ్ళ పిల్లలకు బాధ లేదని ఎవరు చెప్పారు? వాళ్ళు మనకు చెప్పలేదు, అంతే. దసరాకు వచ్చి మళ్ళీ బొంబాయి బస్సెక్కే అమ్మను చూస్తూ నిలబడ్డ పిల్లను “ఏమనిపిస్తోంది బిడ్డా” అని ఎవరైనా అడిగితే కదా తెలిసేది.

అటు పిల్లల వైపు స్పందన పూర్తిగా వేరు. “హన్నా చేసింది కరెక్టే మేడం, వాళ్ళందరికీ బుద్ధి వచ్చింది.” “అన్ని కారణాలుంటే ఎవరు మాత్రం ఉంటారు?” పెద్దలు కారణాలు చాలలేదంటున్నారు, పిల్లలు చాలాయంటున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే తక్కెడ. ఒక ప్రాణాన్ని ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో కారణాలు వేసి, ముల్లు ఎటు మొగ్గిందో చూస్తున్నారు. ఆ సిరీస్ పేరే అలా తూచమని పిలుస్తోంది. నా అభ్యంతరమంతా ఈ తూకం మీదే.

ఈ అలవాటు మనకు నెట్‌ఫ్లిక్స్ నేర్పలేదు. జిల్లా పేజీలు చదివే ఎవరికైనా ఆ వాక్యాలు కంఠతా వచ్చు. ‘తల్లి మందలించిందని’, ‘పరీక్షలో తప్పానని మనస్తాపంతో’, ‘సెల్‌ఫోన్ కొనివ్వలేదని’, ‘కడుపునొప్పి తాళలేక’. ఒక్క వాక్యం, ఒక్క కారణం, పక్కన పాస్‌పోర్టు ఫోటో. కడుపునొప్పి అని రాసిన ప్రతిచోటా కడుపునొప్పే ఉందని చదివేవాళ్ళూ నమ్మరు, రాసేవాళ్ళూ నమ్మరు. కేసు అవుతుందనో, ఇంట్లో ఇంకో ఆడపిల్ల పెళ్ళి ఉందనో కుటుంబం చెప్పిన మాట అది. అది చదివి మనం “అయ్యో, ఇంత దానికేనా” అనుకుని పేజీ తిప్పేస్తాం. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: ఇలాంటి వార్తలు ప్రముఖంగా వేయవద్దు, ఎలా జరిగిందో వర్ణించవద్దు, ఫోటోలు వాడవద్దు అని. ఆచరణ ఎలా ఉందో రేపు ఉదయం పేపరు చూడండి.

ఆత్మహత్యకు ఒక్క కారణమే ఉంటుందన్నది అబద్ధం. పదమూడు కారణాలు వరుసగా పేర్చుకుంటూ పోతే చివరకు వచ్చే లెక్క చావేనన్నది కూడా అబద్ధమే. ఎన్నో ఒత్తిళ్ళు ఒక్కసారి మీద పడినప్పుడు, వాటికి కుంగుబాటు లాంటి జబ్బు తోడైనప్పుడు, బయటకు దారి ఉన్నా కంటికి కనపడదు. ఆ స్థితి దాటిపోయేదే. చాలాసార్లు గంటల్లోనే దాని తీవ్రత తగ్గుతుంది, చికిత్సకు లొంగుతుంది. ఈ సిరీస్ మొదటి సీజన్ దాచిన ముఖ్యమైన నిజం ఇదే. హన్నాకు వైద్యం అవసరమన్న ఊసే ఆ కథలో సరిగా రాదు.

అయినా ఆ సిరీస్‌లో నిజం లేదని అనను. తల్లిదండ్రుల మందుల దుకాణం పెద్ద దుకాణం పోటీకి కుదేలవుతుంటే, ఇంట్లో డబ్బు గురించి నడిచే గుసగుసలు వింటూ ఆ పిల్ల నోరు నొక్కుకోవడం అక్షరాలా నిజం. బ్యాంకులో వేయమని ఇచ్చిన డబ్బు పోగొట్టుకుని ఆమె తల్లడిల్లడం చూసినప్పుడు నాకు ఫీజు కోసం తెచ్చిన అప్పు గురించి తెలిసిన మా పిల్లలే కళ్ళ ముందు కదిలారు. “నేను వాళ్ళకు బరువు” అనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. అత్యాచారానికి గురైన పిల్ల చివరి ప్రయత్నంగా స్కూలు కౌన్సిలర్ దగ్గరకు వెళితే, పేరు చెప్పలేకపోతే మరిచిపోయి ముందుకు వెళ్ళడమే దారి అన్న ధోరణిలో ఆయన మాట్లాడతాడు. ఆమె గదిలోంచి బయటకు నడుస్తుంది, ఆయన లేచి వెనక రాడు. ఆ భాగం మన లెక్చరర్లు, వార్డెన్లు, ప్రిన్సిపాళ్ళు చూసి తీరాలి. వాళ్ళకు కనీసం ఒక కౌన్సిలర్ ఉన్నాడు. నాకు తెలిసిన జూనియర్ కళాశాలల్లో ఆ పని అప్పగించింది మాబోటి వాళ్ళకే, అదీ ఏ శిక్షణా లేకుండా.

పిల్లల వైపు నుంచి వచ్చే ప్రశ్నల్లో నన్ను భయపెట్టేది ఒకటుంది. “మేడం, క్లే ముందే ప్రేమిస్తున్నానని చెప్పి ఉంటే హన్నా బతికేది కదా?” సిరీస్‌లో క్లే కూడా తన భయం వల్లే ఆమె ప్రాణం పోయిందని కుమిలిపోతాడు. ఈ మాట వినే పదిహేడేళ్ళ కుర్రాడికి అర్థమయ్యేది ఏమిటి? ఒక అమ్మాయి ప్రాణం తన ఒక్క మాట మీద ఆధారపడి ఉందని. అమ్మాయికి అర్థమయ్యేది? తనను కాపాడవలసింది ఒక అబ్బాయని. నేను తరగతిలో గట్టిగానే చెప్పాను: స్నేహితుడు చేయగలిగింది వినడం, వెంటనే ఒక పెద్దమనిషికి చెప్పడం. “ఎవరికీ చెప్పకు, ఒట్టు” అని మాట తీసుకున్నా సరే, ఈ ఒక్క రహస్యం దాచకూడదు. ఒట్టు తప్పితే కోపగించుకున్న స్నేహితురాలు బతికి ఉంటుంది.

“అందరికీ బుద్ధి వచ్చింది” అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. సిరీస్ మొత్తం హన్నా గొంతు వినిపిస్తూనే ఉంటుంది. చూసేవాళ్ళకు ఆమె పోయినట్టే అనిపించదు. అందరూ ఏడుస్తుంటే, క్షమాపణ అడుగుతుంటే ఆమె ఎక్కడో ఉండి వింటున్నట్టే ఉంటుంది. పిల్లలారా, వినదు. చనిపోయినవాళ్ళు క్షమాపణలు వినరు, తమ ఫోటోకు దండ వేసింది ఎవరో చూడరు. ఏడిపించినవాళ్ళు నెల తిరక్కుండా క్రికెట్ ఆడుకుంటారు. మిగిలేది తల్లి కడుపుకోత ఒక్కటే. చచ్చి సాధించడమన్నది సిరీస్‌లో కుదిరింది కానీ బయట కుదరదు.

“సిరీస్ చూస్తే చస్తారా?” అని వెటకారం చేసినవాళ్ళు ఇది కూడా వినండి. ఈ సిరీస్ వచ్చాక 19 రోజుల్లో అమెరికాలో ఆత్మహత్యకు సంబంధించిన గూగుల్ వెతుకులాటలు మామూలుగా ఉండవలసిన దానికంటే 19 శాతం ఎక్కువగా జరిగాయని ఒక పరిశోధన తేల్చింది. మార్గం వెతికినవాళ్ళూ పెరిగారు, సహాయం వెతికినవాళ్ళూ పెరిగారు. 2017 ఏప్రిల్‌లో అక్కడ 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల ఆత్మహత్యల రేటు 28.9 శాతం పెరిగిందని 2019లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. ఆ పెరుగుదల సిరీస్ రాకముందు నెలలోనే మొదలైందని, మగపిల్లల విషయంలో ఆ నింద నిలబడదని తర్వాత ఇంకో పరిశోధకుడు లెక్క తిరగేశాడు. కాబట్టి సిరీసే చంపిందని నేను అనను, నిషేధించమనీ అడగను. కానీ చూపించే తీరు, చెప్పే తీరు ప్రాణాల మీద ప్రభావం చూపుతాయన్నది మాత్రం గట్టి నిజం. 1987లో వియన్నా నగరంలో మెట్రో రైళ్ళ కింద జరిగే ఆత్మహత్యల వార్తలు రాసే పద్ధతిని పత్రికలు మార్చుకున్నాక ఆ మరణాలు భారీగా తగ్గాయి. రైళ్ళు అవే, నగరం అదే. మారింది వార్త రాసే పద్ధతి.

మన తెలంగాణలో 2019 ఏప్రిల్‌ను ఎవరైనా మరిచిపోయారా? ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి, మూడు లక్షల మందికి పైగా తప్పినట్టు వచ్చింది, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు కూడా కొందరు “ఒక్క పరీక్ష పోతే చావాలా” అన్నారు. తప్పు ఎక్కడ జరిగిందని నిలదీయవలసిన చోట, పోయిన పిల్లల గుండె నిబ్బరాన్ని కొలిచారు. ఇప్పుడు హన్నాను కొలుస్తున్నదీ అదే నోటితో. ఫలితాల వారం వస్తే మా గుండెలు ఎలా ఉంటాయో మాకే తెలుసు. గంటకోసారి ఫోను చూసుకుంటాం, తప్పిన పిల్లల ఇళ్ళకు మేమే ఫోను చేసి “ఈ రెండు రోజులు ఒంటరిగా వదలకండి, మార్కుల మాట ఎత్తకండి” అని బతిమాలుతాం.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. ఈ సిరీస్ వచ్చిన వసంతంలోనే మన పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017ను ఆమోదించింది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఇది 2018 మే నుంచి అమల్లో ఉంది. పోలీసు కేసుకు భయపడి కడుపునొప్పి అని రాయించనక్కర్లేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వెనకాడనక్కర్లేదు. మానసిక వైద్యం అనగానే మనవాళ్ళ నోట వచ్చే మాట హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’. పిల్లల్ని ఆటపట్టించడానికి కూడా “నిన్ను ఎర్రగడ్డకు పంపాలి” అంటాం. ఇక మానండి. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో, సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. జ్వరానికి చీటీ రాయించుకున్నట్టే రాయించుకోవచ్చు.

తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న: “నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో మేడం?” అవదు. “చనిపోవాలని అనిపిస్తోందా బిడ్డా?” అని మెల్లగా, సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, చాలామందికి భారం దిగుతుంది. అడిగాక నోరు మూసుకుని వినండి. “ఇంత దానికేనా” వద్దు, “మేము ఎన్ని పడలేదు” వద్దు, “మా పరువు” అసలే వద్దు. పిల్ల అవునంటే పక్కనే ఉండండి, ప్రమాదకరమైన వస్తువులు అందుబాటులో లేకుండా చూడండి, ఆ రోజే వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి. హన్నా గురించి మీ అభిప్రాయం అంతగా చెప్పాలనిపిస్తే “ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి ఉంటే కూర్చోబెట్టుకుని వినేదాన్ని” అని మీ పిల్లలు వినేలా అనండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయాలని లేదు, భయపడుతున్న తల్లి చేయవచ్చు, స్నేహితురాలు చేయవచ్చు, లెక్చరర్ చేయవచ్చు. ఈ పోస్ట్ పంచుకోకపోయినా ఫరవాలేదు, ఆ నంబరును మీ ఇంట్లో ఉన్న పిల్లల ఫోనులో ఈ రోజే భద్రపరచండి.