రెండు సున్నాలున్నాయని ఒక్కరైనా చెప్పారా?

ఇప్పుడే జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

తాతయ్య ఇంటి పాత గుమ్మంలోంచి తీసిన టేకు పలక, 18 మిల్లీమీటర్ల మందం. అమ్మ కొత్త ఇంటికి పెడదామని దాని మీద ఆమె పేరు చెక్కుతున్నాను. నా 3018 సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న మెషిన్) మొదటి రెండు అక్షరాలు ముచ్చటగా చెక్కింది. మూడో అక్షరం మధ్యలో కరెంటు పోయింది.

పది నిమిషాలకు వచ్చింది. మళ్లీ ఆన్ చేశాను. బిట్ (చెక్కే ఉలి ముక్క) మొన చెక్కలో దిగి ఉంది, స్క్రీన్ మీద మాత్రం జెడ్, అంటే ఎత్తు, 30.000 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే చెక్కకు మూడు సెంటీమీటర్లు పైన ఉన్నానంటోంది! సున్నా దగ్గరకు తిరిగి వెళ్లమని ‘రిటర్న్ టు జీరో’ నొక్కాను. తిరగని బిట్ చెక్కను చీల్చుకుంటూ ఏటవాలుగా ఏడు సెంటీమీటర్లు ఈడ్చుకుపోయి టక్కున విరిగింది. మిగిలిన మొండితోనే కిందకి పొడవబోయి మోటారు గుర్రుమని మూలిగింది. ప్లగ్ పీకేశాను. అప్పటికే అమ్మ పేరు మీద అడ్డంగా గాటు.

ఎన్ని వీడియోలు చూశానో! అన్నిట్లోనూ ఒకటే మాట: బిట్‌ను చెక్క మూలకు తీసుకెళ్లు, జీరో నొక్కు, స్టార్ట్ కొట్టు. మెషిన్‌కి రెండు సున్నాలుంటాయని ఒక్కరూ చెప్పరు. సున్నా అంటే కొలతలు మొదలయ్యే చోటు. ఒకటి మెషిన్ సొంత సున్నా. రెండోది మనం చెక్క మీద పెట్టుకునేది, మెషిన్ భాషలో దాని పేరు జీ54. ఈ రెండోది మొదటిదాని నుంచి ఎంత దూరమో మాత్రమే మెషిన్‌ని నడిపే బోర్డు రాసుకుంటుంది. కరెంటు పోయినా ఆ అంకెలు చెరిగిపోవు. కానీ లిమిట్ స్విచ్‌లు (కదలిక చివరికి వచ్చిందని చెప్పే మీటలు) లేని మెషిన్ ఆన్ చేసిన చోటే తన సున్నా అనుకుంటుంది. ఊళ్లో సర్వే రాయిని రాత్రికి రాత్రి ఎవరో జరిపేస్తే కాగితం మీద కొలత మారదు, మన గట్టు మాత్రం పక్కవాళ్ల చేలోకి పోతుంది. నా చెక్కకు అచ్చం అదే జరిగింది.

కొనేటప్పుడు స్విచ్‌ల గురించి అడిగాను కూడా. “బిగినర్స్‌కి అవసరం లేదండీ” అన్నాడు అమ్మినాయన. బిగినర్‌కి కాకపోతే ఇంకెవరికండీ అవసరం? మూడు చిన్న స్విచ్‌లుంటే డాలర్ హెచ్ ($H) అనే ఆదేశం కొట్టగానే మెషిన్ ప్రతిసారీ అదే మూలకు వెళ్లి తన సున్నా వెతుక్కుంటుంది. దాచుకున్న జీ54కి అప్పుడే అర్థం ఉంటుంది. తెలిసినవాడికి కరెంటు పోతే బిట్ పైకెత్తి సున్నా మళ్లీ పెట్టుకోవాలని తెలుసు. తెలియనివాడికే ఆ స్విచ్‌లు కావాలి!

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. తొమ్మిదో తరగతిలో నిరూపక జ్యామితి చెబుతున్నప్పుడు లేచి అడిగాను: “సార్, మూలబిందువు ఇక్కడే ఉండాలని ఎవరు చెప్పారు?” “పుస్తకంలో ఉంది, కూర్చో” అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత లెక్కల పీరియడ్‌లో నేను మళ్లీ చెయ్యెత్తలేదు. సున్నా ఎక్కడ పెట్టాలో మనమే నిర్ణయించుకుంటామనీ, దాన్ని జరిపితే ప్రతి బిందువు అంకే మారుతుందనీ ఆ రోజు రెండు నిమిషాలు చెప్పి ఉంటే, ఇవాళ స్క్రీన్ మీద 30 చూడగానే నా చెయ్యి ఆగేది. ఆ పాఠంలో మార్కులు మాత్రం ఫుల్‌గా వచ్చాయి. బిందువులు గుర్తించమంటే గుర్తించాం, అంతే. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా కూర్చోబెట్టేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున్నే స్విచ్‌లు తెచ్చి బిగించి, పలక తిప్పి రెండో వైపు మొదలుపెడతాను. ఆ వైపు తాతయ్య మామిడి తోరణం కట్టడానికి కొట్టిన మేకు రంధ్రం ఒకటుంది. అది అక్షరాల్లో పడకుండా చూసుకోవాలి.