640 కిలోబైట్ల వారికి ఒక అద్దెదారు విన్నపం

మహారాజశ్రీ కన్వెన్షనల్ మెమరీ గారి దివ్యసముఖమునకు,

తమ పాత అద్దెదారు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అనడం మర్యాద కనుక అన్నాను. నిజానికి కుశలం మీ ఒక్కరిదే. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ బజారులోకి వచ్చిన నాడు, ప్రోగ్రాములు నడవడానికి వదిలిన చోటుగా మీకు గీసిన హద్దు 640 కిలోబైట్లు, లెక్కగా చెప్పాలంటే 6,55,360 బైట్లు. లోకంలో ఏ ఆస్తికీ లేని నిలకడ ఆ హద్దుకు ఉంది. నా పురాతన కంప్యూటరులో నేటికీ అది అక్కడే ఉంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. ఆ యంత్రంలోని ఇంటెల్ 8088 ప్రాసెసరుకు మెమరీ చిరునామాలు మోసే తీగలు ఇరవై. ఆ ఇరవైతో అది 10,48,576 బైట్లకు మించి లెక్కపెట్టలేదు. ఆ ఒక్క మెగాబైటును ఎనిమిది గదుల ఇల్లనుకుంటే, కింది అయిదు గదులు ప్రోగ్రాములకు వదిలి, పై మూడింటికి తెర తాలూకు మెమరీ అనీ, యంత్రాన్ని నిద్రలేపే బయోస్ అనీ, రేపెప్పుడో రాబోయే కార్డులనీ కారణాలు చెప్పి తాళం వేశారు. ఆ రోజుల్లో దాన్ని పిసినారితనం అనడానికి వీల్లేదు. చౌక రకం పీసీ 16 కిలోబైట్లతోనే అమ్ముడవుతున్నప్పుడు దానికి నలభై రెట్లు వదలడం దానగుణమే. తీరా తాళం వేసిన గదుల్లో చాలా భాగం ఖాళీగానే పడి ఉందని తెలిసేసరికి, లోకమంతా మీ గోడలను నమ్ముకుని ప్రోగ్రాములు రాసేసింది. గోడ కదిలితే ఇల్లే కూలుతుందన్న భయంతో ఎవరూ దాని జోలికి పోలేదు.

ఇక నా సంగతి. ఒక ఆఫీసువారి పాతసామాను వేలంలో 66 మెగాహెర్ట్జ్‌ల 486 ప్రాసెసరు కంప్యూటరు ఒకటి కొన్నాను. అందులో 16 మెగాబైట్ల మెమరీ ఉంది, అంటే మీకు పాతిక రెట్లకు పైగా. తొంభైలలో కంప్యూటరు సెంటర్లలో, సారు భోజనానికి వెళ్లగానే మేము దొంగచాటుగా ఆడుకున్న డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా వంటి చిన్న ఆటలు మీకు ఏనాడూ బరువు కాలేదు. అందుకే ఈ మధ్య, ఆ వయసులో కొనలేకపోయిన ఒక పెద్ద ఆటను సీడీ మీద సంపాదించి, ఆశగా ఇన్‌స్టాల్ చేశాను. ఫైళ్లన్నీ నిక్షేపంగా హార్డ్‌డిస్కులోకి ఎక్కాయి. తీరా నడపబోతే తెర మీద ఒకే ఒక్క వాక్యం: కన్వెన్షనల్ మెమరీ చాలదు, 600 కిలోబైట్లు ఖాళీగా ఉండాలి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట విన్నాను గానీ, ఆ పూజారి మదర్‌బోర్డులో ఉంటాడని అనుకోలేదు. మెమ్ అని టైపు చేసి చూస్తే మీలో ఖాళీ 498 కిలోబైట్లు. మిగిలిన చోటంతా ఎవరు ఆక్రమించారని ఆరా తీస్తే, అందరూ నేను పిలిచిన చుట్టాలే. కంప్యూటరును నడిపించే డాస్ ఒక మూల మంచం వేసుకుని పడుకుంది. మౌస్ డ్రైవరు (మౌసును నడిపే చిన్న ప్రోగ్రాము), డిస్కును వేగంగా చదివించే డిస్కు క్యాషీ, సీడీ డ్రైవరు, ఆ డ్రైవరుకూ డాస్‌కూ మధ్య దుబాసీగా ఎంఎస్‌సీడెక్స్ తలా ఒక చాప పరుచుకున్నారు. హార్డ్‌డిస్కులోకి ఎక్కినా, ఆడేటప్పుడు ఆటకు సీడీ కావాలి. సీడీని చదవాలంటే ఈ చివరి ఇద్దరూ ఉండాలి. వీరిద్దరూ ఉంటే ఆటకు చోటుండదు. పెళ్లికొడుకును తెచ్చిన బండిని పందిట్లోకి తోలి, పెళ్లికొడుకును వీధిలో నిలబెట్టడం వంటి ఏర్పాటు ఇది.

అప్పటి నుంచి మూడు వారాలుగా నా సాయంత్రాలన్నీ, కంప్యూటరు లేచేటప్పుడు డాస్ చదువుకునే కాన్ఫిగ్.సిస్ అనే దస్తావేజు ముందు గడుస్తున్నాయి. మెగాబైటు పైనున్న మెమరీని అందుబాటులోకి తెచ్చే హైమెమ్.సిస్ వరుస ముందు రాయాలి, ఆ తరువాతే పై గదుల తాళాలు తీసే ఈఎంఎం386. తారుమారైతే రెండోది పని చేయదు. డాస్ 5 నాటి నుంచి, అంటే 1991 నుంచి, 'డాస్=హై' అని ఒక్క వరుస రాస్తే డాస్ తన సామానులో చాలా వరకు సర్దుకుని, మెగాబైటు గీత దాటగానే ఉన్న 64 కిలోబైట్ల అరుగు మీదికి వెళ్లి కూర్చుంటుంది. (కచ్చితంగా 64 కాదు, పదహారు బైట్లు తక్కువ. ఆ పదహారూ కూడా దక్కకూడదన్న పట్టుదల ఎవరిదో గాని మెచ్చుకోదగినది.) దానికి 'యూఎంబీ' అన్న మాట కూడా చేర్చి, ఈఎంఎం386 చేత ఆ తాళం వేసిన గదుల్లోని ఖాళీ మూలలు తెరిపిస్తే, డ్రైవర్లను ఒక్కొక్కరినే బతిమాలి అక్కడికి పంపవచ్చు. అయితే అదంతా ఒకే హాలు కాదు, విడివిడి మూలలు. ఒక డ్రైవరు రెండు మూలల్లో కాళ్లు చాపుకోలేదు. పైగా కొందరు లోపలికి వచ్చేటప్పుడు ఆర్భాటంగా చాలా చోటు అడిగి, కుదురుకున్నాక అందులో సగానికి సర్దుకుంటారు. అందుకని పెద్దవాళ్లను ముందు, చిన్నవాళ్లను తరువాత ఎక్కించాలి. డిస్కు క్యాషీని బయటికే పంపేశాను. మౌసు, ఎంఎస్‌సీడెక్స్ పైకి చేరారు. సీడీ డ్రైవరుకు మాత్రం సరిపడే మూల దొరకక కిందే ఉండిపోయింది.

1993లో డాస్ 6తో పాటు ఈ సర్దుబాటు తానే చేసిపెడతానని మెమ్‌మేకర్ అనే మధ్యవర్తి వచ్చాడు. కంప్యూటరును రెండుమూడుసార్లు ఆపి, లేపి, చివర ఒక పట్టిక చూపిస్తాడు. బుద్ధిమంతుడే. కాని నాలుగు కిలోబైట్ల కోసం రాత్రి పన్నెండు దాకా మేలుకునే రకం మనిషి కాదతను.

ఇంతలో కొత్త తగవు. ఈ ఆటకు ఈఎంఎస్ అనే పద్ధతి మెమరీ కూడా కావాలి. లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన ఈ పద్ధతి ప్రకారం, పై గదుల్లో 64 కిలోబైట్ల కిటికీ ఒకటి తెరిచి, దూరాన ఉన్న మెమరీని ఆ కిటికీలోంచి ముక్కలుముక్కలుగా చూస్తారు. కిటికీ పెడితే అంత మేరా డ్రైవర్లకు చోటు తగ్గుతుంది. మూసేస్తే ఆట అలుగుతుంది. అలమరలో ఉన్న ఇంకొక ఆట, 1992 నాటి అల్టిమా 7, అసలు ఈఎంఎం386 పేరు చెబితేనే గడప తొక్కదు. దాని మెమరీ వ్యవహారం దానిది. అందువల్ల కంప్యూటరు లేవగానే 'ఏ ఆట ఆడతారు?' అని అడిగే జాబితా ఒకటి కాన్ఫిగ్.సిస్‌లో రాసి, ఒకే ఇంట్లో మూడు వేరు కాపురాలు పెట్టించాను.

మా మేనల్లుడు ఇదంతా వారం రోజులు ఓపికగా చూసి, తన ల్యాప్‌టాపులో డాస్‌బాక్స్ తెరిచి, రెండు నిమిషాల్లో అదే ఆట నడిపించి, "మామయ్యా, ఇంతకీ మీరు ఆట ఆడతారా, లేక ఇల్లే ఊడుస్తూ ఉంటారా?" అని అడిగాడు. జవాబు చెప్పలేదు గాని, తెర మీదికి వంగి చూశాను. గిగాబైట్ల మెమరీ ఉన్న ఆ యంత్రంలో, లేని కంప్యూటరును ఉన్నట్టు సృష్టించిన ఆ ప్రోగ్రాము, అన్నిటితో పాటు మిమ్మల్ని కూడా సృష్టించింది. అడ్డేమీ లేని చోట పనిగట్టుకుని అదే 640 దగ్గర గోడ కట్టింది. ఆ గోడ కనబడకపోతే ఈ ఆటలు దారి తప్పుతాయి కాబట్టి మరి తప్పదు. ఆ క్షణంలో మీ మీద నాకున్న కోపం కొంత భయంగా మారిందని ఒప్పుకుంటున్నాను.

ప్రస్తుతం ఖాళీ 598. కావలసినది 600. ఆ రెండు కిలోబైట్లు, అనగా 2,048 బైట్లు, దయతో ఇప్పించవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడైన అద్దెదారు

తా.క.: ఉత్తరం మడిచే ముందు ఒకటి తట్టింది. సీడీ డ్రైవు బిగించిన రోజున, ఎందుకైనా మంచిదని, డ్రైవుల అక్షరాలు ఎక్కడిదాకా అని చెప్పే లాస్ట్‌డ్రైవ్ వరుసలో నేనే 'జెడ్' అని రాశాను. ఇరవై ఆరు డ్రైవులకు ఒక్కొక్కదానికి 88 బైట్ల చొప్పున మీరు చోటు అట్టేపెట్టారు, నాకున్నవి మూడు. దాన్ని 'ఈ' దగ్గర ఆపితే 1,848 బైట్లు తిరిగి వచ్చాయి. ఒకేసారి తెరవగల ఫైళ్లెన్నో చెప్పే ఫైల్స్ సంఖ్యను 40 నుంచి 36కు తగ్గిస్తే, ఒక్కొక్కదానికి 59 చొప్పున మరో 236. ఆట మొదలైంది. శబ్దం మాత్రం లేదు. సెటప్‌లోకి వెళ్లి సౌండ్ కార్డును ఎంచుకుంటే ఇంకో 14 కిలోబైట్లు కావాలంటోంది. కావున పై విన్నపంలో రెండు అని ఉన్నచోట పద్నాలుగు అని దిద్దుకుని చదువుకోగలరు.