నిషేధం గారూ, ఈ పండక్కి కూడా వస్తున్నారుగా?

భీమవరం దగ్గర ఓ పల్లెటూరు,
ధనుర్మాసం.

గౌరవనీయులైన కోడిపందేల నిషేధం గారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మొన్న ఊరి మొదట్లో మీ ఫ్లెక్సీ చూశాక తెలిసిందండి. 'కోడిపందేలు, పేకాట, గుండాట నిర్వహించినా, పాల్గొన్నా, స్థలం ఇచ్చినా కఠిన చర్యలు తప్పవు' అని ఎర్రక్షరాల్లో రాశారు. కింద రెండు పుంజులు ఎగిరి తన్నుకుంటున్న బొమ్మ, దాని మీద అడ్డంగా ఇంటూ మార్కు. మా చిన్నాన్న బండి ఆపి దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చూసింది ఇంటూ మార్కును కాదు. "ఎడమవైపుది డేగ, కుడివైపుది కాకి. ఆ ఎగురుడు చూడరా, డేగదే పందెం" అని తేల్చేసి బండి స్టార్ట్ చేశాడు. (డేగ, కాకి అంటే పక్షులు కాదండి, పందెం పుంజుల్లో రకాలు.)

మిమ్మల్ని చూస్తే నాకు హరిదాసు గుర్తొస్తాడండి. ఏడాదంతా ఎక్కడుంటారో తెలీదు. ధనుర్మాసం రాగానే దిగుతారు, వీధి వీధీ తిరుగుతారు, ఎవరితోనూ మాట్లాడరు. నెత్తి మీద పాత్ర మాత్రం ఉంటుంది. గుమ్మం గుమ్మానికీ ఎవరి శక్తికొద్దీ వాళ్లు పోస్తారు. పండగనాటికి అది నిండుతుంది. (హరిదాసు పాపం బియ్యమే పట్టుకెళ్తాడు. మీతో పోల్చినందుకు ఆయనకు విడిగా క్షమాపణ చెప్పుకుంటాను.)

మీ కార్యక్రమం మాకు కంఠతా వచ్చు. డిసెంబర్ చివర్లో పాత కాపులందరినీ పిలిపించి బైండోవర్ చేస్తారు. మా చిన్నాన్ననూ పిలిచారు. 'ఈ ఏడాది పందేల జోలికి వెళ్లను' అని సంతకం పెట్టాడు, అక్కడే టీ తాగాడు, బయటికొచ్చి చెప్పులేసుకుంటూనే కత్తులు కట్టే మనిషికి ఫోన్ చేసి భోగికి అడ్వాన్స్ మాట్లాడేశాడు. జనవరి మొదట్లో కత్తులు చేసేవాళ్ల మీద దాడి. బల్ల మీద కత్తులు వరసగా పేర్చి, వెనక నలుగురు నిలబడి ఫొటో. ఆ తర్వాత పందేలు జరిగే బరుల మీదికి ట్రాక్టర్. చదును చేసిన నేలంతా దున్నేస్తారు. ఆ ట్రాక్టర్ మా ఊరిదే. రెండు రోజులు పోయాక మళ్లీ చదును చేసేదీ అదే. రెండు కిరాయిలూ ఒకే జేబులోంచి వచ్చాయని డ్రైవర్ అన్నాడు. నేను నమ్మలేదని రాసుకోండి.

ఇక భోగి. నాయకుడు గారు పంచె కట్టుకుని వస్తారు. కత్తి కట్టని పుంజును చంకలో పెట్టుకుని కెమెరాల ముందు నిలబడి, ఇది మన సంప్రదాయం, కానీ చట్టాన్ని గౌరవించాలి అంటారు. కాసేపు డింకీ పందేలు, అంటే కత్తి కట్టకుండా వదిలేవి. అంతవరకూ మీరు కూడా బరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ఉంటారు. ఈలోగా మీకెవరో ఫోన్ చేస్తారు. గోలలో వినపడక మీరు కాస్త పక్కకెళ్లి మాట్లాడతారు. కనుమ సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంటారు.

ఆ మూడు రోజులూ మీరు లేరు కాబట్టి ఏం జరిగిందో నేనే చెప్తాను. కత్తి కట్టడం ఒకసారి బాగా దగ్గరగా చూశాను. ఒకడు పుంజును ఒళ్లో పెట్టుకుని కాలు చాపి పట్టుకున్నాడు. రెండోవాడు ఆ కాలికి గుడ్డ చుట్టి, కత్తి ఆనించి, దాని మీదుగా దారం బిగిస్తూ పోయాడు. ఎక్కువ బిగిస్తే కాలు పనిచేయదు, వదులైతే కత్తి తిరిగిపోతుంది. చుట్టూ 'పదివేలు డేగ మీద', 'కాకి మీద ఇరవై' అని అరుపులు, కట్టేవాడు మాత్రం మాట్లాడడు. పుంజు కూడా కదల్లేదు. పట్టుకున్నవాడు చూపుడువేలితో దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. నెలల తరబడి బాదంపప్పు, మటన్ కైమా తినిపించి, చెరువులో ఈత కొట్టించిన చెయ్యి అది. వదిలాక నిమిషం కూడా పట్టలేదండి. రెండూ ఒక్కసారి గాల్లోకి లేచాయి. కింద పడ్డాక ఒకటి లేవలేదు. అతను వెళ్లి తీసుకున్నాడు, మెడ వాలిపోయింది, అలవాటుకొద్దీ మళ్లీ నిమిరాడు. తర్వాత గెలిచినవాళ్ల చేతిలో పెట్టేశాడు. ఓడిన కోడి గెలిచినవాడిదే కదా, ఆ కూర రుచే వేరని మావాళ్ల నమ్మకం. గెలిచినవాళ్లు మాకు చుట్టాలు. నేనూ తిన్నాను. రుచిగానే ఉంది. కాబట్టి పవిత్రతలో మీరూ నేనూ సమానమే.

మీ జాతకం కూడా తిరగేశాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో పుట్టారు. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పితే మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. అరవై ఏళ్లు దాటినా అదే రేటు. మా బరి దగ్గర యాభైకి ప్లేటు పకోడీ రాదు. పుంజు పొద్దున్నే తినే బాదంపప్పుకు కూడా చాలదు. మీకు తోడుగా 1974 గేమింగ్ చట్టం ఉంది. 2016 డిసెంబర్‌లో హైకోర్టు పందేలు ఆపించి తీరాలంది. మావైపు నాయకుడొకరు ఆపొద్దంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మీ చుట్టం 144 సెక్షన్ కూడా 2024 జూలై నుంచి పేరు మార్చుకుని 163 అయ్యింది. కొత్త నంబరుకు అలవాటు పడటానికి మా పుంజులకు కాస్త టైం పట్టేలా ఉంది.

తమిళనాట మీ అన్నగారికి జరిగింది తల్చుకుంటే నాకు వేరే ఆలోచన వస్తుందండి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు వద్దంది. 2017 జనవరిలో మెరీనా బీచ్ జనంతో నిండిపోయింది, రోజుల వ్యవధిలో అసెంబ్లీ చట్టాన్ని సవరించింది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం దానికి సరేనంది. తప్పో ఒప్పో, వాళ్లు మీ అన్నగారితో ఎదురుగా నిలబడి తలపడ్డారు. మావాళ్లు మిమ్మల్ని పల్లెత్తు మాటనరు. ఇన్ని పార్టీలు వచ్చాయి, పోయాయి, ప్రతి నాయకుడి నోటా సంప్రదాయమే, కానీ ఏ ప్రభుత్వమూ మిమ్మల్ని తీసేస్తూ చట్టం చేయలేదు చూశారా? తీసేస్తే రూల్స్ రాయాలి. బరి దగ్గర పశువుల డాక్టరుండాలి, ఎంత వచ్చిందో రసీదు ఉండాలి, దానికి పన్నుండాలి. చుట్టూ నిలబడ్డ జనం తమలో తాము కాసుకునే పై పందేలను ఏ రూల్లోనూ ఇరికించలేరు. అన్నిటికీ మించి, ఏ బరి నడవాలో ఏది నడవకూడదో చెప్పే ఆ ఒక్క ఫోన్‌కాల్‌కు విలువ పోతుంది. మీరున్నారు కాబట్టే అనుమతికి ధర ఉంది. కోడికి జీడిపప్పు ఎలాగో ఈ వ్యాపారానికి మీరలాగ.

మీరు పనిచేయరని కొందరంటారు. నేనొప్పుకోను. కాలవగట్టు మీద నలుగురు కుర్రాళ్లు తలా ఐదొందలు వేసుకుని రెండు కోళ్లు వదిలితే పావుగంటలో వాలిపోయారు. రెండు పుంజులు, కొద్దిపాటి డబ్బు, మూడు సెల్‌ఫోన్లు స్వాధీనం. అందులో ఒకడు నా స్నేహితుడి తమ్ముడు, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. అదే రోజు పక్కూళ్లో ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, పైన డ్రోన్, నోట్లు లెక్కపెట్టే మిషన్లు, హైదరాబాద్ నంబర్ల కార్లు మైలు పొడవునా. అది మీకు కనపడలేదు. కొబ్బరిచెట్లు అడ్డమొచ్చి ఉంటాయి.

తెలంగాణలోనూ మీ పనితనం చూశాం. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో పుంజుకు కట్టిన కత్తి దాని యజమానికే దిగి ప్రాణం పోయింది. నవ్వాల్సిన సంగతి కాదు, ఓ ఇల్లు కూలిపోయింది. కానీ ఆ తర్వాత పందెం పెట్టినవాళ్ల కోసం గాలింపు జరుగుతుంటే, పుంజు మాత్రం పోలీస్ స్టేషన్లో ఉంది. దానికి ఫోన్ చేసి చెప్పేవాళ్లెవరూ లేకపోయారు పాపం.

సంప్రదాయం అనగానే మావాళ్లు పల్నాడు దాకా పోతారు. నాగమ్మ కోడి చేతిలో బ్రహ్మనాయుడి కోడి ఓడిందని, ఆయన వర్గం ఏడేళ్లు రాజ్యం వదిలి పోయిందని మైకులో చెప్తారు. కోడి భాగం దగ్గర చప్పట్లు మోగుతాయి. ఓడిన నాయకుడు ఏడేళ్లు ఊరొదిలి పోవాలన్న భాగాన్ని సంప్రదాయంలో కలపమని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. కిందటేడు కనుమ వెళ్లాక మీ ఫ్లెక్సీ గాలికి ఊడిపడింది. మా చిన్నాన్న దాన్ని మడిచి తెచ్చి కోళ్ల గూటి మీద కప్పాడు. తుఫానుకు కూడా ఒక్క చుక్క కారలేదండి, మంచి సరుకు. అయితే ఇప్పుడు గూళ్లు రెండయ్యాయి. ఈసారి వేయించేటప్పుడు వెడల్పు ఓ నాలుగడుగులు పెంచమని చిన్నాన్న మరీమరీ చెప్పమన్నాడు.

ఇట్లు,
మీ ఫ్లెక్సీ ఎదురింటివాడు