బైండింగ్ వైరు ఉండగా భయమేల?

క్రేన్‌కు మెయింటెనెన్స్ చేయడం లేదని మా షెడ్డు మీద ఒక అపవాదు ఉంది. ఇది అన్యాయం. జీడిమెట్లలోని మా 10 టన్నుల ఈఓటీ క్రేన్‌కు (షెడ్డు పైభాగాన పట్టాల మీద కరెంటుతో నడిచేది) జరిగే సేవలు ఆ వీధి గుళ్లో దేవుడికి కూడా జరగవు.

రోజువారీ తనిఖీ రిజిస్టరే చూడండి. బ్రేకు ఓకే, హుక్కు ఓకే, వైర్ రోపు ఓకే. నెల మొత్తానికీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. షెడ్డు మూసి ఉన్న ఆదివారాలు కూడా ఓకే. వచ్చే గురువారం దాకా నింపేసి పెట్టాం, ముందుచూపంటే అదీ.

రోపులో పోగులు తెగాయేమో తెలియాలంటే క్రేన్ ఆపి, పాత గుడ్డతో తాడు పొడవునా తుడవాలంటారు. తెగిన పోగు ఉంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. మేమూ ఒకసారి తుడిచాం. మూడు చోట్ల పట్టుకుంది. ఆ రోజు నుంచి తుడవడం మానేసి గ్రీజు దట్టంగా పూస్తున్నాం. తాడు ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది. తెగేదాకా లాగొద్దన్నారంటే, తెగే ముందు రోజు దాకా లాగొచ్చనే కదా అర్థమని మా మేనేజర్ గారి వ్యాఖ్యానం.

బరువులు మోసీ మోసీ హుక్కు నోరు తెరుచుకుంటుంది. అలా తెరిచినదాన్ని మార్చాలి. మా దగ్గర ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచిన ఆపరేటర్‌ను మార్చారు.

ఇక లిమిట్ స్విచ్. హుక్కు మరీ పైకెళ్లి తాడు చుట్టుకునే డ్రమ్ముకు గుద్దుకోకుండా మోటారును ఆపడం దాని పని. మాటిమాటికీ ఆపేస్తోందని బైండింగ్ వైరుతో కట్టి పడేశాం. వైరు మాత్రం కొత్తదే.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 ప్రకారం 12 నెలలకు ఒకసారైనా సమర్థుడైన వ్యక్తి క్రేన్‌ను క్షుణ్ణంగా పరీక్షించాల్సి ఉండేది. మాకు దొరికినాయన మహా సమర్థుడు. ఏసీ గదిలోంచి లేవకుండానే, బిర్యానీ ముగిసేలోపు పరీక్షించేస్తారు. ట్రాక్ దగ్గర మనుషులు పనిచేస్తుంటే క్రేన్ 6 మీటర్ల లోపుకు రాకూడదని కూడా అదే సెక్షన్ చెప్పేది. మా షెడ్డులో 6 మీటర్ల జాగా ఖాళీగా ఉంటే ఇంకో లేత్ మెషిన్ పెట్టేవాళ్లం.

2020 ఆగస్టు 1న విశాఖ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. సోమవారం మా దగ్గర ఒకటే టెన్షన్. గంటన్నర మీటింగ్ పెట్టి, క్రేన్‌కు పసుపు రంగు వేయాలని తీర్మానించాం. వేశాం. హుక్కు మీదున్నది గీతా, పగులా అన్న పాత చర్చ కూడా దాంతో ముగిసింది.

శుక్రవారం కట్టే నిమ్మకాయల దండ విషయంలో మాత్రం రాజీ లేదు. నిరుడు ఒక వారం వాడిపోయిన దండే వేలాడుతుంటే మేనేజర్ గారు గడప దగ్గరే ఆగిపోయారు. కొత్త కాయలు వచ్చేదాకా రెండు గంటలు పని బంద్.

"మనుషుల ప్రాణాలంటే లెక్కలేదటయ్యా మీకు?" అని అందరినీ నిలబెట్టి తిట్టారు.