దోచిన తుపాకికి కోట్ల ధర

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ కోసం తయారైన వెండి తాపడపు పిస్తోళ్ల జత 2025 అక్టోబరులో లండన్‌లోని సోత్‌బీస్ వేలంపాటలో 11 లక్షల పౌండ్లకు, అంటే దాదాపు 13 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. నిర్వాహకులు వేసుకున్న అంచనాను ఆ పాట ఎన్నో రెట్లు దాటిపోయింది. మన కమ్మరుల పనితనానికి ప్రపంచం పట్టిన నీరాజనంగా దీన్ని భావించేవారు ఉండవచ్చు. మేము అలా భావించలేకపోతున్నాం.

పనితనాన్ని ఎవరూ కాదనరు. ఆ జతలో ఒక పిస్తోలుకు చెకుముకి యంత్రం కుడివైపు ఉంటే రెండోదానికి ఎడమవైపు ఉంది. రెండు చేతులా పట్టుకుంటే ఒకటి రెండోదానికి అద్దంలోని ప్రతిబింబంలా కనిపిస్తుంది. టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కార్ఖానాల్లో ఇంత శ్రద్ధగా పనిచేసిన చేతులకు ఈ 13 కోట్లలో పైసా సంబంధం లేదు, వారి వారసులకు అంతకన్నా లేదు. ఈ పాటలో నిజంగా పెరుగుతున్నది దోపిడీ విలువ అన్నదే మా ఆందోళన.

టిప్పు వస్తువులు పలికిన ధరలు చూస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది. 2015లో బోన్‌హమ్స్ సంస్థ టిప్పుకు చెందిన 30 వస్తువులను పాటకు పెట్టినప్పుడు ఒక్క వేట తుపాకి 7,22,500 పౌండ్లు పలికింది. 2019లో ఇంగ్లండులో ఒక కుటుంబం అటక మీద బయటపడిన తుపాకి 60 వేల పౌండ్లకు పోయింది. 2023లో ఆయన పడకగది ఖడ్గానికి ఏకంగా కోటీ 40 లక్షల పౌండ్లు వచ్చాయి. అదే కాలానికి చెంది, అంతే నైపుణ్యంతో తయారై, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియని తుపాకికి ఇందులో చిన్న భాగం కూడా రాదు. 1799 మే 4న బ్రిటిష్ సేనల దాడికి శ్రీరంగపట్నం కోట కూలిన నాటి కథ, దాన్ని తీసుకుపోయిన సైనికాధికారి పేరు, అది ఏ వంశంలో ఎన్ని తరాలు ఉన్నదీ కేటలాగులో ఎంత వివరంగా ఉంటే పాట అంత పైకి పోతుంది. ఎక్కడైనా దొంగసొత్తు అని తేలితే వస్తువు విలువ పడిపోవాలి. ఇక్కడ దోచుకున్న సొత్తు అని రుజువైతేనే విలువ పెరుగుతోంది. అంటే దోపిడీయే యాజమాన్య పత్రమైంది.

సేకర్తలు కాపాడబట్టే ఈ వస్తువులు మిగిలాయన్న వాదన ఒకటి ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కాపాడినంత మాత్రాన సొంతదారు కాలేరు. పైగా ఆ విజేతలు అన్నింటినీ కాపాడలేదు. టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. దానిపై ఉన్న పులితలల్లో ఒకదానికి 15 లక్షల పౌండ్ల విలువ కట్టి, అది దేశం దాటిపోకుండా 2021లో బ్రిటన్ ప్రభుత్వం ఎగుమతిపై తాత్కాలిక నిషేధం విధించింది. 1793-94లో అసద్ ఖాన్ మహమ్మద్ తయారుచేసి, తర్వాత బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ చేతికి చేరిన మరో వేట తుపాకికి 20 లక్షల పౌండ్లు లెక్కగట్టి 2023లోనూ ఇదే పని చేసింది. శ్రీరంగపట్నం నుంచి తరలిపోయిన రోజున అడ్డురాని నియమం లండన్ నుంచి తరలిపోయే రోజున అడ్డువస్తోంది. మన వస్తువు తమ వారసత్వమని వారు చట్టబద్ధంగా ప్రకటిస్తుంటే మనం నోరు మెదపకపోవడం అన్నింటికన్నా బాధాకరం.

టిప్పు మీద ఎవరి అభిప్రాయం వారిది. ఆయనను ఎదిరించిన కూటమిలో హైదరాబాద్ నిజాం సేనలూ ఉన్నాయి, గుర్రంకొండ, గుత్తి కోటలు మైసూరు ఏలుబడిలో ఉండి ఆ యుద్ధాల తర్వాత చేతులు మారాయి, 1800లో దత్తమండలాలుగా ఈస్టిండియా కంపెనీ పాలైన సీమకు ఆ చరిత్ర పరాయిది కాదు. టిప్పును మెచ్చుకోవడమా, తెగడటమా అన్న తగువులో చిక్కుకుని, ఆయన పేరున్న వస్తువుపై దేశానికి ఉన్న హక్కును వదులుకోవడం మాత్రం తగదు.

మన ప్రభుత్వాల తీరులో పొంతన లేదు. 2025 మే నెలలో బుద్ధుడి అవశేషాలతో దొరికిన పిప్రహ్వా రత్నాలను హాంకాంగ్‌లో వేలానికి పెట్టినప్పుడు కేంద్రం నోటీసు ఇచ్చి పాటను ఆపించింది, అందుకు అభినందించాలి. కానీ ఆ రత్నాలు చివరికి మన పారిశ్రామికవేత్త ఒకరు సొమ్ము చెల్లించాకే స్వదేశం చేరాయి. అదే ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠా సేనాని రఘూజీ భోంస్లే ఖడ్గాన్ని లండన్ వేలంలో 47.15 లక్షల రూపాయలకు కొని తెచ్చింది. మరి టిప్పు పిస్తోళ్ల వేలం ఏ ఆటంకమూ లేకుండా ముగిసిపోయింది. ఒకచోట నోటీసు, ఒకచోట చెక్కు, ఒకచోట మౌనం. ప్రజాధనంతో కొన్న ప్రతిసారీ అమ్మకందారు హక్కును మనమే ఒప్పుకున్నట్టు. మౌనంగా ఉన్న ప్రతిసారీ ఆ హక్కు మరింత గట్టిపడినట్టు. రేపు మరో తుపాకి వేలానికి వస్తే ఈ పాత పాటలనే చూపి ఇంకా పెద్ద ధర అడుగుతారు.

సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒప్పందం అంతకుముందు తరలిపోయిన వాటికి వర్తించదు, 1972 నాటి మన పురావస్తు చట్టం చేయి లండన్ దాకా చాచదు. ఈ సాకు మాకు తెలుసు. చట్టం లేకపోతే విధానమైనా ఉండాలి కదా! శ్రీరంగపట్నం నుంచి పోయిన వస్తువుల జాబితాను కేంద్ర సాంస్కృతిక శాఖ బహిరంగంగా ప్రకటించాలి. వాటిలో ఏది వేలానికి వచ్చినా కొనేవారికి తెలిసేలా లిఖితపూర్వక అభ్యంతరం తెలపాలి. బ్రిటన్ ఎగుమతిని ఆపిన ప్రతి వస్తువుపైనా మన హక్కును నేరుగా ఆ ప్రభుత్వం ముందు పెట్టాలి. 2018లో కర్ణాటకలోని నగర గ్రామంలో ఎండిన బావి నుంచి టిప్పు కాలపు రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. మన బావిలో దొరికిన ఇనుప గొట్టాలను ఒక్కొక్కటిగా లెక్కించగలిగిన దేశం, పరాయి గడ్డపై పాటకు వస్తున్న మన ఆయుధాల లెక్క రాసుకోలేకపోవడం అలసత్వం. ఢిల్లీలోని బాధ్యులు తదుపరి కేటలాగు అచ్చయ్యేలోపు ఆ జాబితాను దేశం ముందు పెట్టాలి.